భూతము ముఖము

మనుష్యుడు తాను చూడని లోకములను గూర్చి ఊహించినపుడెల్ల వానిని భూతములతో నింపుచున్నాడు. మన పూర్వులు పాతాళమున రాక్షసులను నిలిపిరి. నేటివారు నక్షత్రముల కావల విచిత్రజంతువులను నిలుపుచున్నారు. స్థలము మారినదే కాని భయము మారలేదు. వికృతాకారమును చూచి దుష్టత్వమును నిర్ణయించుటకు మనకు అధికారమున్నదా? ఈ ప్రశ్న వినోదమునకు మాత్రమే సంబంధించినది కాదని నా అభిప్రాయము.

2017వ సంవత్సరమున విశాఖపట్టణములో నిర్మాణమునందున్న యొక భవనమున కొన్ని వింతప్రాణులు కనబడినవి. ఒడలెల్ల తెల్లని నూగు, పొడవైన కాళ్లు, హృదయాకారమైన ముఖము, నల్లని కన్నులు. అవి మనుష్యులవలె నిటారుగా నిలిచి, తమ్ము చూచువారిని తాము చూచుచుండెను. ఆ వీడియో దేశదేశముల వ్యాపించెను. అన్యగ్రహవాసులు దిగివచ్చిరని అనేకులు చెప్పుకొనిరి. పక్షులను గూర్చి తెలిసినవారు చూచి, అవి చావుపిట్ట పిల్లలని తేల్చిరి. ఇది మన ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందును పాతయిండ్ల అటుకలమీదను, చెట్ల తొర్రలలోను కాపురముండు గుడ్లగూబయే. పగలెల్ల శ్రమించి మనము నిద్రించు వేళ అది మేల్కొని మన పొలములలో ఎలుకలను పట్టును. దాని యరుపు విన్నవారు మనలో పెక్కురు. ముఖము చూచినవారు అరుదు. అందుచేతనే మన యింటి పక్షి పరలోకమునుండి వచ్చినట్లు తోచెను.

ఈ పక్షి విషయమున నేను దోషిని. నా చిన్నతనమున, కొల్లేటిగట్టు గ్రామమున, మా మామ్మ జబ్బుపడి మంచమెక్కెను. మా ధాన్యపుకొట్టు అటుకమీద రాత్రులందు చావుపిట్ట బుసకొట్టుచుండెను. ఇంటిమీద అది కూసిన పిదప చావు తప్పదని అమ్మలక్కలు పలికిరి. నేను వెదురుగడ తీసికొనిపోయి గూటిని క్రిందికి లాగితిని. పిల్లలు నాలుగును రాతినేలపై బడి చచ్చెను. తల్లిపిట్ట మూడు రాత్రులు వచ్చి తిరిగిపోయెను. సంగతి తెలిసి మామ్మ నన్ను దగ్గరకు పిలిచి, "నాయనా, ఎనభైయేళ్ల ముసలిదాన్ని తీసుకుపోవడానికి పిట్టచేత కబురెందుకురా?" అనెను. ఆ నెలలోనే ఆమె పోయెను. పిట్ట లేకున్నను మృత్యువు దారి తప్పలేదు. ఆ యేడు కొట్టులోని బస్తాలను ఎలుకలు చిల్లులు చేసెను. నన్ను నేటికిని బాధించునది ఆ ధాన్యనష్టము కాదు. ఆ మూడు రాత్రుల రాకపోకలు.

వంగదేశమున ఈ గుడ్లగూబయే లక్ష్మీదేవికి వాహనమై పూజలందుచున్నది. అక్కడ సిరిని తెచ్చు పక్షి ఇక్కడ చావును తెచ్చుటెట్లు? దోషము పక్షియందున్నదా, చూచువాని మనసునందున్నదా?

ఇంగ్లండునందు 1963వ సంవత్సరమున "డాక్టర్ హూ" అను టెలివిజన్ కథావళి ప్రారంభమయ్యెను. ఆ యేటి డిసెంబరులో టెర్రీ నేషన్ అను రచయిత డాలెక్కులను భూతజాతిని అందు ప్రవేశపెట్టెను. పిల్లలు సోఫాల వెనుక దాగి వానిని చూచిరట! ఆ భూతమునకు కోరలు లేవు, కొమ్ములు లేవు. అణుయుద్ధముచే వికారమైన యొక దుర్బలప్రాణి ఇనుపకవచములో దూరి, ఒంటికంటితో లోకమును చూచుచు, తనవంటివి కానివానినెల్ల నిర్మూలింపుమని కేకలు వేయును. రచయిత నాజీలను మనసున నుంచుకొనియే వానిని సృష్టించెను. అందొక విశేషమున్నది. తమ శత్రువులైన థాలులు జుగుప్సాకరులని డాలెక్కులు చెప్పుచుండును. తీరా కథలోనివారు పోయి చూడగా థాలులు సుందరులు, శాంతస్వభావులు. కాబట్టి భూతమును భూతముగా చేయునది రూపము కాదు. తాను తప్ప తక్కినవారందరు భూతములే యను నమ్మకమే దానిని భూతముగా చేయుచున్నది. మన పురాణకర్తలును ఈ సత్యము నెరుగుదురు. కానిచో ప్రహ్లాదుని, విభీషణుని రాక్షసకులమునందే ఏల పుట్టింతురు?

ఎరిగియు మనమేమి చేసితిమి? 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసెను. 1911నాటి చట్టముచే అది మద్రాసు రాజధానికిని వచ్చెను. ఎరుకలవారిలో పుట్టిన బిడ్డ దొంగతనమన నేమో తెలియకముందే దొంగలజాతివాడయ్యెను. వ్రేలిముద్రలు, హాజరుపట్టీలు, ఊరు దాటుటకు అనుమతిచీట్లు! బాపట్ల సమీపమున 1913లో వెలసిన స్టూవర్టుపురము ఇట్టివారి కొరకు ఏర్పరచిన సెటిల్మెంటే. చట్టము మద్రాసులో 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. కాని కాగితముపై చెరిగిన మాట నాలుకపై చెరుగుట అంత సులభము కాదు. ఆ కాలమున పెద్దమనుష్యులలో పెక్కురు ఆ చట్టమును న్యాయమనియే తలచిరి. ఇనుపకవచములో దూరి ఒంటికంటితో చూచిన దెవరో చదువరులే నిర్ణయింతురు గాక.

"భయము ప్రకృతి యిచ్చిన రక్ష కాదా? త్రాచును చూచి వెనుకకు దుమకనివాడు బ్రతుకునా?" అని కొందరు ప్రశ్నింపవచ్చును. నిజమే. భయము కావలివాడు, కేకవేయుట వాని ధర్మము. తీర్పు చెప్పుట వాని ధర్మము కాదు. కేక విని మేల్కొనుట వివేకము. కేకనే సాక్ష్యముగా గొని శిక్ష విధించుట అవివేకము.

2020 డిసెంబరు మొదటివారమున ఏలూరిలో మనుష్యులు ఉన్నపాటున మూర్ఛతో నేలకూలిరి. కొద్దిదినములలో బాధితుల సంఖ్య 600 దాటెను. కారణమెవరికిని తెలియదు. ఇట్టి వేళలందే పూర్వము ఏ దిక్కులేని ముసలమ్మనో చేతబడి చేసెనని చెట్టునకు కట్టెడివారు. ఏలూరిలో వైద్యులు రక్తమును, నీటిని, ఆహారపదార్థములను పరీక్షలకు పంపిరి. రక్తమునందు సీసము, నికెలు కనబడినవి. పురుగుమందుల శేషములపైని అనుమానము కలిగెను. ఆ పరీక్షలవలన సంశయములన్నియు తీరలేదన్నది నిజమే; కాని వెదకవలసిన చోటు మాత్రము తెలిసెను. ఆ యాపద కోరలతో రాలేదు, అరచి రాలేదు. ముఖమే లేని యాపదను ముఖములలో వెదకినవానికి అది ఎన్నటికిని దొరకదు. అంతలో నిరపరాధి యొకడు బలియగును.

ఇతర నక్షత్రములనుండి ఎవరైన వత్తురో రారో, వచ్చినచో వారు మంచివారో కారో, నేను చెప్పజాలను. వారిని చూచు చూపును మాత్రము మన మిప్పటినుండియే చక్కబరచుకొనవచ్చును. అందులకు నక్షత్రములదాక పోనక్కరలేదు. చదువరీ, ఈ రాత్రి నీ యింటి చూరున ఆ పిట్ట కూసినయెడల గడకొరకు వెదకకుము. రేపు ప్రొద్దున నీ ధాన్యపుకొట్టు తలుపు తీసి, అచ్చట భూతమెవరో ఎలుకల నడుగుము.