పోయింది ప్రభువుదే, మిగిలింది అమానత్తే



మన కడప జిల్లా చక్రాయపేట, వేంపల్లె వైపు పల్లెల్లో పిల్లి అంటే కొత్త ప్రాణి కాదు. వేరుశనగ మూటలు, బియ్యం బస్తాలు ఉన్న ఇంటికి ఎలుకల బెడద తప్పదు. అందుకని ఒక పిల్లిని చేరదీస్తారు. అది పిల్లల్ని పెడుతుంది. చూస్తుండగానే ఇంట్లో నాలుగైదు పిల్లులవుతాయి. వాటిలో ఒకటి మాత్రం ఇంటిల్లిపాదికీ ప్రాణమవుతుంది. ఫజ్ర్ వేళ తలుపు దగ్గర ఎదురుచూసేది అదే, జానిమాజ్ అంచున ముడుచుకొని పడుకునేది అదే. ఒకరోజు అది చనిపోతుంది.

అప్పుడు ఆ ఇంట్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. “పిల్లి కోసం ఏడుస్తారా? గునాహ్ కాదా?” అంటారొకరు. “ఇక మనకు పిల్లులే వద్దు. మిగిలినవాటిని సంచిలో వేసి ఊరవతల వదిలి రండి” అంటారు మరొకరు. ఈ రెండు మాటలనూ ధర్మం వెలుగులో పరిశీలిద్దాం.

దుఃఖం పాపం కాదు

మదీనాలో హజ్రత్ అనస్ (రజి)కు అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడు ఉండేవాడు. అతను ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. ఆ పిట్ట చనిపోయింది. దైవప్రవక్త (స) వారి ఇంటికి వచ్చినప్పుడు పిల్లవాడు దిగులుగా ఉండటం గమనించి కారణం అడిగారు. సంగతి తెలిశాక “పిట్టే కదా” అని కొట్టిపారేయలేదు. పెద్దవారిని పిలిచినట్లు గౌరవనామంతో ఆ పసివాణ్ణి పిలిచి, ఆ పిట్ట ఊసెత్తి పలకరించారు. సకల లోకాల కోసం పంపబడిన ప్రవక్తకు ఒక పసివాడి పిట్ట చిన్న విషయం కాలేదు. అలాంటప్పుడు మన ఇంట్లో కన్నీళ్ళు పెట్టుకుంటున్న బిడ్డను ఎగతాళి చేసే హక్కు మనకెక్కడిది?

హిజ్రీ 10వ సంవత్సరంలో తన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కంటతడి పెట్టారు. కళ్ళు చెమర్చడం, గుండె బరువెక్కడం సహజమనీ, నోటివెంట మాత్రం ప్రభువుకు నచ్చని మాట రాకూడదనీ నేర్పారు. సబ్ర్ అంటే ఇదే. గుండెను బండ చేసుకోమని ధర్మం మనల్ని అడగలేదు. చెంపలు బాదుకోకండి, “అల్లాహ్ మాకే ఎందుకిలా చేశాడు” అని నిలదీయకండి. “ఇన్నా లిల్లాహి” అనండి. అది మనది కాదు, మనకు కొంతకాలం ఇవ్వబడింది, ఇచ్చినవాడు తిరిగి తీసుకున్నాడు.

చనిపోయిన పిల్లిని వంకలోనో, పాపాఘ్ని నదిలోనో, దారిపక్కనో పడేయకండి. కుక్కలు తవ్వలేనంత లోతుగా గుంట తీసి పూడ్చండి. జనాజా నమాజు, ఫాతిహా వంటివి జంతువులకు లేవు. “జన్నత్‌లో మన పిల్లి ఉంటుందా?” అని పిల్లలు అడిగితే, స్వర్గంలో మనసులు కోరుకున్నదంతా ఉంటుందని ఖుర్ఆన్ శుభవార్త ఇచ్చిందని చెప్పండి. దానికి మించిన వివరం అల్లాహ్‌కు వదిలేయండి.

మూగజీవాలకూ వెలితి తెలుస్తుంది

ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పక్షి పిల్లలను పట్టుకున్నారు. తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ అక్కడే తిరగసాగింది. అది చూసిన దైవప్రవక్త (స) దాని బాధను గుర్తించి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు (అబూ దావూద్). జంతువులు, పక్షులు కూడా మీలాంటి సముదాయాలేనని ఖుర్ఆన్ ఆరవ సూరా తెలుపుతోంది.

ఈ కాలపు పరిశోధకులూ ఈ విషయంపై దృష్టి పెట్టారు. 2024లో అమెరికాలోని ఓక్లండ్ విశ్వవిద్యాలయం వారు, ఇంట్లోని తోటి జంతువు చనిపోయిన తర్వాత 452 పిల్లులు ఎలా ప్రవర్తించాయో వాటి యజమానులను అడిగారు. తోటి జంతువుతో ఎక్కువకాలం కలిసి ఉన్నవి, ఎక్కువ సన్నిహితంగా మెలిగినవి తిండి, నిద్ర, ఆట తగ్గించాయని, పోయినదాని కోసం వెతికినట్లు కనిపించాయని తేలింది. యజమానులు తమ దుఃఖాన్నే పిల్లుల్లో చూసి ఉండవచ్చని కూడా వారు హెచ్చరించారు. ఏదేమైనా, ఖాళీ మూలలో వాసన చూస్తూ తిరిగే పిల్లిని “మామూలే” అని వదిలేయకండి.

అసలు పరీక్ష ఇదే

ఒక స్త్రీ పిల్లిని బంధించి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోనీయక చంపినందుకు నరకశిక్షకు గురైందని హదీసు (బుఖారీ, ముస్లిం). సోదరులారా! ఇంటి తిండికి అలవాటుపడిన పిల్లిని సంచిలో కట్టి, కుక్కలు తిరిగే చోట వదిలి రావడం ఆ స్త్రీ చేసిన పనికి ఎంత దూరంలో ఉంది? ఆలోచించండి. “ఇంట్లో చావు జరిగింది, ఇక ఇవి అరిష్టం” అనే మాట మరీ తప్పు. దుశ్శకునాలను నమ్మడాన్ని దైవప్రవక్త (స) తోసిపుచ్చారు.

దుఃఖంలో మునిగి మిగిలినవాటి గిన్నె నింపడం మరచిపోవడమూ అన్యాయమే. పోయినదాని విషయంలో మీ లెక్క ముగిసింది. బతికున్నవాటి గురించి రేపు మిమ్మల్ని అడుగుతారు.

కనుక కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. తిండి వేళలు మార్చకండి. ఏ పిల్లి తింటోందో, ఏది తినడం లేదో విడివిడిగా చూడండి. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే దాని కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదకు రావచ్చు. అందుకని రెండో రోజు దాటనీయకుండా పశువైద్యుడికి చూపించండి. వాంతులు, విరేచనాలతో పిల్లి చనిపోతే అది పాన్‌ల్యూకోపీనియా అనే అంటువ్యాధి కావచ్చు. దాని వైరస్ ఇంట్లో నెలల తరబడి బతుకుతుంది. గిన్నెలు, నేల బ్లీచింగ్‌తో కడగండి. మిగిలినవాటికి టీకాల గురించి వైద్యుణ్ణి అడగండి. “దాని స్థానంలో ఇంకొకటి” అని వెంటనే కొత్త పిల్లను తెచ్చి ఆపదలో పడేయకండి. “ఇది దానిలాగా లేదే” అని మిగిలినవాటిని చిన్నచూపు చూడకండి. దేని స్వభావం దానిది. అల్లాహ్ దాన్ని అలాగే పుట్టించాడు.

హిజ్రీ 7లో దైవప్రవక్త (స) సన్నిధికి చేరి, ఐదు వేలకు పైగా హదీసులను మనకు అందించిన మహనీయుణ్ణి ఉమ్మత్ అంతా అబూ హురైరా (రజి) అనే పిలుస్తుంది. మేకలు కాసే రోజుల్లో ఆయన వెంట ఉంచుకున్న పిల్లికూన వల్ల వచ్చిన పేరది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) తన వుజూ నీటి కోసం వచ్చిన పిల్లికి పాత్ర వంచి తాగించారు. పిల్లి అశుద్ధం కాదనీ, అది మీ చుట్టూ తిరుగాడే వాటిలో ఒకటనీ దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు చెప్పారు.

మన చుట్టూ తిరిగేవాటిలో ఒకటి తగ్గింది. మిగిలినవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, మన చేతివైపే చూస్తున్నాయి. పోయినదాని గిన్నెను శుభ్రంగా కడిగి వాటి ముందు పెట్టండి. ప్రాణమున్న ప్రతిదానికీ చేసిన మేలుకు ప్రతిఫలం ఉందన్నది దైవప్రవక్త (స) వాగ్దానం.

అల్లాహ్ మన దుఃఖంలో మనకు సబ్ర్ ప్రసాదించుగాక! మన చేతి కిందనున్న మూగజీవాల హక్కు నెరవేర్చే సద్బుద్ధినిచ్చుగాక! ఆమీన్.