స్థానికత, న్యాయం: విద్యాప్రవేశాలలో ఒక నైతిక ప్రశ్న

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు విద్యార్థిగా వచ్చినప్పుడు గౌతముడు మొదట అడిగినది అతని గోత్రం. తనకు తెలియదని, తల్లికి కూడా తెలియదని ఆ బాలుడు ఉన్నదున్నట్లు చెప్పాడు. ఆ సత్యవాక్యాన్నే అర్హతగా భావించి గురువు అతణ్ణి స్వీకరించాడు. విద్యాలయ ద్వారం వద్ద ‘నీకేమి వచ్చు’ అనే ప్రశ్నకంటె ముందు ‘నీవెక్కడివాడివి’ అనే ప్రశ్న వినిపించడం ఈనాటిది కాదు. అయితే గౌతముని ముందు నిలిచినవాడు ఒక్కడు. నేటి ప్రభుత్వం ముందు నిలిచేవారు లక్షలమంది; ఉన్న సీట్లు కొన్ని. మార్కులొక్కటే కొలబద్ద అయితే మంచి పాఠశాల ఉన్న ఊరివాడికే సీటు దక్కుతుంది. కనుక పుట్టుకను, ప్రాంతాన్ని విచారించి వెనుకబడినవారికి వాటా కేటాయించడం న్యాయమే. విచారించదగిన విషయం వేరొకటి ఉంది. ఒకచోట నిలకడగా ఉన్న జనాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందించిన ఈ కొలతలు వలసవెళ్లినవారి సంతానానికి ఎలా వర్తిస్తాయి?

జంషెడ్‌పూర్ ఇందుకు తగిన ఉదాహరణ. 1907లో స్థాపించిన టాటా ఉక్కు సంస్థ 1912లో తొలి ఉక్కును ఉత్పత్తి చేసింది. ఆ పనులకు దేశం నలుమూలలనుంచి శ్రామికులు చేరారు. వాల్తేరునుంచి బెంగాల్ నాగపూర్ రైలుమార్గం వెంట వచ్చిన తెలుగువారు వారిలో ఒక భాగం. టాటానగర్ స్టేషనుకు దక్షిణపు దిక్కున ఉన్న పర్సుడీహ్‌లో నివసించే ఒక దళిత తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. ముత్తాత కొలిమివద్ద పనిచేశాడు. మనుమరాలి బిడ్డ ఇంటర్మీడియట్ పూర్తిచేసింది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. ఆమె ఏ రాష్ట్రపు బిడ్డ?

రాజ్యాంగంలోని 341, 342 అధికరణాలు షెడ్యూల్డు కులాలను, తెగలను ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ గుర్తిస్తాయి. మాల, మాదిగ కులాలు ఝార్ఖండ్ జాబితాలో లేవు. ఈ మాటల అర్థాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో నిర్ణయించింది. తెనాలిలో పుట్టిన ఆ విద్యార్థి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందిన సముదాయానికి చెందినవాడు. తండ్రి ఆ ధ్రువపత్రంతోనే ప్రభుత్వరంగ ఎరువుల సంస్థలో ఉద్యోగం పొంది బొంబాయి చేరాడు. కుమారుడు అక్కడే చదివి వైద్యకళాశాలకు దరఖాస్తు చేస్తే, మహారాష్ట్రలో ఆ హోదా చెల్లదన్నారు. న్యాయస్థానం కూడా అదే నిర్ణయించింది. తండ్రికి ఉద్యోగం ఇచ్చిన ధ్రువపత్రం కొడుకుకు సీటు ఇవ్వలేకపోయింది.

ఈ తీర్పును కఠినమని తోసివేయడం తేలిక. దాని తర్కాన్ని గౌరవించడం అవసరం. ఒక కులం అనుభవించే వెనుకబాటు అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. బయటినుంచి వచ్చినవారికి కూడా వాటా పంచితే, అక్కడి నిరుపేద దళితుడి వాటాయే తరిగిపోతుంది. ఆ వాదంలో బలం ఉంది. కాగా, ఈ అంశాన్ని చట్టసభలు పరిశీలించవచ్చునని కూడా ఆ తీర్పు సూచించింది. అంటే తన వ్యాఖ్యానంవల్ల మిగిలిపోయే వెలితి ధర్మాసనానికి కనిపించకపోలేదు.

అయితే ఆ బిడ్డ పూర్వికుల గడ్డకు తిరిగి వెళ్లవచ్చు కదా? అక్కడి ద్వారానికీ ఒక నియమం ఉంది. ముల్కీ నిబంధనలపై తెలంగాణలో 1969లో చెలరేగిన ఉద్యమం, 1972లో ఆ నిబంధనలను సుప్రీంకోర్టు సమర్థించిన దరిమిలా వచ్చిన జై ఆంధ్ర ఉద్యమం, 1973 నాటి ఆరుసూత్రాల పథకం ఫలితంగా 371-డి అధికరణం ఏర్పడింది. దాని కింద వెలువడిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులను స్థానిక ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. అర్హత పరీక్షవరకు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదవడమే స్థానికతకు ముఖ్య ప్రమాణం. మిగిలిన 15 శాతానికి పోటీపడాలన్నా తల్లిదండ్రులలో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉండటం వంటి షరతులు అమలులో ఉండేవి. ముత్తాత కాలంలోనే ఊరు విడిచిన కుటుంబం వాటిని ఎలా నెరవేర్చగలదు? కులం అక్కడి జాబితాలో ఉంది, చదువు ఇక్కడ ఉంది. కులాన్ని గుర్తించేచోట చదువు చాలదు. చదువు ఉన్నచోట కులానికి గుర్తింపు లేదు.

జంషెడ్‌పూర్‌లోనే మరొక కొలత కూడా ఉంది. అక్కడి జాతీయ సాంకేతిక సంస్థలో సగం సీట్లు సొంత రాష్ట్రంవారివి. పన్నెండో తరగతి ఎక్కడ ఉత్తీర్ణులయ్యారన్నదే అక్కడ సొంత రాష్ట్రాన్ని నిర్ణయిస్తుంది. కేంద్ర సంస్థ కనుక మూలరాష్ట్రపు కులధ్రువపత్రమూ చెల్లుతుంది. ఒకే బాలిక ఒక ద్వారం వద్ద స్వస్థానీయురాలు, మరొక ద్వారం వద్ద పరాయిది.

ఈ సందర్భంలో ఝార్ఖండ్ ఆదివాసుల మాట వినకపోతే చర్చ ఏకపక్షమవుతుంది. కర్మాగారాలకు, గనులకు భూమి ఇచ్చినవారు సంతాలులు, హో ప్రజలు, భూమిజులు. పరిశ్రమ ఫలాలు బయటివారికి దక్కాయన్న వారి ఆవేదన నిరాధారం కాదు. పూర్వికుల పేరు 1932 లేదా అంతకు ముందటి భూమి ఖతియాన్‌లో ఉన్నవారే స్థానికులనే బిల్లును రాష్ట్ర శాసనసభ 2022 నవంబరు 11న ఆమోదించడం ఆ ఆవేదన ఫలితమే. రాజ్యాంగపు తొమ్మిదవ షెడ్యూలులో చేర్చిన పిమ్మటనే అది అమలులోకి రావాలని ఆ బిల్లులోనే ఉంది. తమ ప్రాంతంలో స్థానిక రక్షణలకోసం ఉద్యమించిన తెలుగువారు ఈ కోరికను తప్పుపట్టలేరు. అయినా ఖతియాన్ భూమిని మాత్రమే గుర్తుంచుకుంటుంది. కంపెనీ క్వార్టర్లలో జీవితం గడిపి, సెంటు నేల కూడా లేకుండా పోయిన కూలీ పేరు అందులో ఉండదు. భూమి కోల్పోయినవాడి హక్కును గుర్తించాలి. శ్రమ ధారపోసినవాడి ఉనికిని కాదనకూడదు.

ఈ వైరుధ్యాల మధ్య ఒక సూత్రాన్ని ప్రతిపాదించవచ్చు. ‘ఇక్కడ కాదు’ అని చెప్పే ప్రతి నియమమూ ‘మరి ఎక్కడ’ అనే ప్రశ్నకు సమాధానం చెప్పగలగాలి. ఒకరికి రెండుచోట్ల వాటా ఉండరాదు. ఎక్కడా లేకుండానూ పోరాదు. బీహారు విభజన విషయంలో 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇదే దారిలో నడిచింది: రిజర్వేషన్‌కు అర్హుడైన వ్యక్తి బీహారులోగాని, ఝార్ఖండ్‌లోగాని ఆ ప్రయోజనం పొందవచ్చు, రెండింటిలో ఏకకాలంలో పొందరాదు. ప్రభుత్వం గీసిన సరిహద్దు మనిషిని దాటినప్పుడు చూపిన ఈ ఔదార్యం, బతుకుతెరువుకై మనిషే సరిహద్దు దాటినప్పుడు ఎందుకు ఉండకూడదు?

ఆచరణలో ఇందుకు రెండు మార్గాలున్నాయి. స్థానికతకు బిడ్డ చదివిన సంవత్సరాలను ప్రధాన ప్రమాణంగా తీసుకోవడం మొదటిది; తాతల భూమి బిడ్డ చేతిలో లేదు, తాను చదివిన బడి ఆమె జీవితంలో భాగం. వలస వెళ్లిన దళిత, గిరిజన కుటుంబాల పిల్లలకు మూలరాష్ట్రమే స్థానికత షరతును సడలించి, కొద్దిపాటి అవకాశం కల్పించడం రెండవది. ఇందువల్ల ఝార్ఖండ్ ఆదివాసుల వాటా తగ్గదు. మూలరాష్ట్రంలో ఎవరో ఒకరికి ఒక సీటు తగ్గవచ్చు. ఆ త్యాగాన్ని దాచకుండా, లెక్కకట్టి, చట్టసభలో చర్చించి నిర్ణయించాలి. అధికారి చేతిలో ఉన్నది నియమావళి మాత్రమే. దానిని సవరించే అధికారం అతనికి లేదు. కాని తన బల్లమీదినుంచి తిరిగివెళ్లే ప్రతి దరఖాస్తుకు మరొక ద్వారం ఉన్నదో లేదో గమనించి, లేదని తేలితే ఆ సంగతి పైవారికి నివేదించడం అతని విధిలో భాగమే.