కుర్చీ విడిచి స్టీరింగు పట్టవచ్చునా?



మన సంఘములలో ఈ దినములలో ఒక ప్రశ్న వినవచ్చుచున్నది. చదువుకొని, పట్టణములో ఆఫీసు ఉద్యోగము సంపాదించిన యౌవనుడు కొన్ని సంవత్సరములైన పిమ్మట దానిని విడిచి లారీ డ్రైవరు కావచ్చునా? అది దేవుడిచ్చిన మేలును త్రోసివేయుట కాదా? ఈ ప్రశ్నను తల్లిదండ్రులు కన్నీటితో అడుగుచున్నారు. ఇరుగుపొరుగువారు నవ్వుచు అడుగుచున్నారు. ఆ యౌవనుడు రాత్రివేళ తన్ను తానే అడుగుకొనుచున్నాడు. కావున దీనిని వాక్యపు వెలుగులో యోచింతము.

మొదట తల్లిదండ్రుల దుఃఖమును మనము తేలికగా ఎంచకూడదు. తాత పరుల పొలములో పాలేరుగా బ్రదికెను. అతడు ఏ పని చేయవలెనో, ఎవరి యెదుట ఎక్కడ నిలువవలెనో అతని పుట్టుకయే నిర్ణయించెను. తండ్రి మిషను బడిలో పలక పట్టి నాలుగక్షరములు నేర్చెను. ఆ తండ్రి మేకలమ్మి, అప్పుచేసి, కుమారుని కాలేజీకి పంపెను. కుమారుడు బల్లయెదుట కుర్చీలో కూర్చున్న దినమున ఆ ఇంట కృతజ్ఞతా కూడిక జరిగెను. అట్టి కుర్చీనుండి కుమారుడు తానై లేచినప్పుడు, రెండు తరముల చెమట నేలపాలైనదని తండ్రికి తోచుట సహజమే. అది ఉత్త గర్వమని చెప్పువారు ఆ ఇంటి చరిత్రను ఎరుగరు.

అయితే లేఖనము ఏమి చూపుచున్నది? మత్తయి సుంకపు మెట్టునొద్ద కూర్చున్నవాడు. అది ఆ కాలపు ఆఫీసే. ప్రభువు పిలువగా అతడు లేచి వెంబడించెను (మత్తయి 9:9). జక్కయ్యయు సుంకరియే, సుంకరులలో పెద్దవాడు. అతడు తన ఆస్తిలో సగము బీదలకిచ్చుటకును, అన్యాయముగా తీసికొనినదానిని నాలుగంతలుగా మరల చెల్లించుటకును ఒప్పుకొనెను (లూకా 19:8). అతడు ఉద్యోగము మానెనని మాత్రము వ్రాయబడలేదు. యోహాను నొద్దకు వచ్చిన సుంకరులకు కూడ, హద్దుమీరి వసూలు చేయకుడని బోధ దొరకెనే గాని, పని విడువుడని ఆజ్ఞ దొరకలేదు (లూకా 3:12-13). ఒకడు లేచెను, ఒకడు ఉన్నచోటనే మారెను. కావున కూర్చుండుటలోనే భక్తి యున్నదని గాని, లేచుటలోనే ధైర్యమున్నదని గాని మనము చెప్పలేము.

చేతిపని నీచమా? మన ప్రభువే వడ్లవాడని పిలువబడెను (మార్కు 6:3). గొప్ప విద్వాంసుడైన పౌలు డేరాలు కుట్టి జీవించెను (అపొ. కార్యములు 18:3). మార్టిన్ లూథరు 1520లో జర్మను ప్రభువులకు వ్రాసిన గ్రంథములో, చెప్పులు కుట్టువాడును కమ్మరియు రైతును తమ తమ పనులచేత ఒకరికొకరు సేవ చేయవలసినవారని బోధించెను. లారీ నడుపుట అట్టి సేవయే. భీమవరము ప్రాంతపు చేపలు మంచులో పెట్టబడి బెంగాలునకును అస్సామునకును పోవుచున్నవి. విజయవాడనుండి కోల్‌కతాకు దాదాపు 1,200 కిలోమీటర్లు. మంచు కరుగకముందే ఆ దూరమును దాటించువాడు చేపల రైతునకు పొరుగువాడు. 2020లో దేశమంతయు తలుపులు మూసికొనిన దినములలో మన ఊళ్లకు మందులును సరకులును మోసికొని వచ్చినవారు ఈ లారీవారే గదా.

ఇంత చెప్పినందున ఎవడును తొందరపడి రాజీనామా వ్రాయకూడదు. గోపురము కట్టువాడు ముందుగా ఖర్చు లెక్కచూచుకొనవలెనని ప్రభువు నేర్పెను (లూకా 14:28). కావున ఆ సహోదరుని మూడు మాటలు అడుగుదుము.

ఒకటి: నీవు దేనినుండి పారిపోవుచున్నావు? పై అధికారి మీది కోపము చేతనైతే, లారీకిని యజమాని యుండును, కిరాయి బేరగాడును ఉండును. కోపము నీతో కూడ క్యాబినులోనికి ఎక్కును.

రెండు: నీ నిర్ణయపు బరువు ఎవరి భుజముమీద పడును? రాత్రులు పిల్లలతో ఒంటరిగా ఉండవలసినది నీ భార్య. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకొనెనా? అప్పుచేసి లారీ కొనిన యెడల, లోడు దొరకినను దొరకకున్నను నెల వాయిదా వచ్చును. స్వంత ఇంటివారిని సంరక్షింపనివాని గూర్చి పౌలు ఎంత కఠినముగా వ్రాసెనో చూడుము (1 తిమోతి 5:8).

మూడు: నిద్ర వచ్చినప్పుడు బండి ఆపగలవా? 1961లో చేయబడిన మోటారు రవాణా కార్మికుల చట్టము సాధారణముగా దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని పనికి హద్దు పెట్టెను. రోడ్డుమీద ఆ హద్దు ఎన్నిసార్లు మీరబడెనో డ్రైవర్లను అడుగుడి. వాయిదా కొరకు నిద్రమత్తులో నడుపుట నరహత్యను నిషేధించు ఆజ్ఞకు సంబంధించిన సంగతి. బండి ముందు అద్దముపైన ప్రభువు నామము వ్రాయించుట సులువు. రాత్రి రెండు గంటలకు కిరాయి తగ్గినను సరేయని ప్రక్కకు ఆపి పండుకొనుట ఆ నామమునకు సాక్ష్యము.

ఈ మూటికిని నిర్మలమైన మనస్సాక్షితో ఉత్తరమియ్యగలవాడు వెళ్లవచ్చునని మేము తలంచుచున్నాము. అట్టివాని తండ్రితో ఒక మాట: అయ్యా, మీ శ్రమ వ్యర్థము కాలేదు. మీ తండ్రికి పని పుట్టుకతో అంటగట్టబడెను. మీ కుమారుడు తన పనిని తానే ఎంచుకొనెను. ఆ ఎంచుకొను స్వాతంత్ర్యమే మీ మేకలు కొనిపెట్టిన ఆస్తి. ఆ కుర్చీ మన బిడ్డలకు మూయబడకూడదని మీరు పోరాడితిరి. అది తెరువబడిన తరువాత, దానినుండి లేచుటకును వారికి సెలవున్నది. కుమారుడును తండ్రిని పాతకాలపువాడని తీసివేయక, ప్రక్కన కూర్చుండి తన కారణమును చెప్పి, ఆశీర్వాదము అడిగి వెళ్లవలెను.

ఇక సంఘముతో ఒక మాట. ఆ సహోదరుడు ఇస్త్రీ చొక్కాతో వచ్చిన కాలమున ముందు వరుసలో చోటు చూపితిమి, వాక్యము చదువుమంటిమి. నూనె మరకల చొక్కాతో వచ్చి ద్వారమునొద్ద నిలిచిననాడు ఎవరమును పలుకరింపము. యాకోబు ఖండించిన పక్షపాతము ఇదే గదా (యాకోబు 2:2-4). అతడు బుధవారమున ఇల్లు చేరిన యెడల, బుధవారమున నలుగురు వెళ్లి అతనియింట ప్రార్థించుడి. అతడు దూరమున నున్న రాత్రులలో సహోదరీలు అతని భార్యను విచారించుడి. ఆదివారపు విజ్ఞాపనలో రోగులతోను ప్రయాణికులతోను డ్రైవర్లను కూడ పేరుపేరున జ్ఞాపకము చేసికొందము.

కుర్చీలోనున్నవారిని నమ్మకత్వములోను, దారిలోనున్నవారిని మెలకువలోను ప్రభువు కాపాడి, అందరిని క్షేమముగా ఇండ్లకు చేర్చును గాక. ఆమేన్.