ఇడియట్ అంటే ఎవరు?

"ఇడియట్" అనే మాట ఇంగ్లీషు రాని తెలుగువాడికి కూడా తెలుసు. ఆఫీసులో గుమాస్తాను, బడిలో కుర్రవాణ్ణి, ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు యావత్తు ప్రజలను మనవాళ్ళు యీ మాటతో తిడుతుంటారు. తిట్టేవాళ్ళలో అభ్యుదయవాదులు కూడా వుంటున్నారు. అందుచేత దీని పుట్టుపూర్వోత్తరాలు కాస్త విచారించడం అవసరమని నా అభిప్రాయం.

గ్రీకు భాషలో "ఇడియోస్" అంటే సొంతమైనది. అందులోంచి వచ్చిన "ఇడియోటేస్" అంటే ఏ పదవీ లేని మామూలు మనిషి. ఒక వృత్తిలో ప్రవేశం లేనివాడు. రాజకీయాలు పట్టనివాణ్ణి ఏథెన్సువారు ఇడియట్ అని తిట్టేవారని మన వక్తలు తరచు చెబుతుంటారు. అది సరికాదు. అటువంటివాడు నిరర్థకుడని పెరిక్లీస్ అన్నట్టు థుసిడిడిస్ రాశాడు గాని, అక్కడ వాడిన మాట వేరు. పైగా ఆ ఏథెన్సులోనే స్త్రీలకూ, బానిసలకూ, పరదేశీయులకూ సభాప్రవేశం లేదు. రాజకీయాలకు వాళ్ళు దూరంగా వుండలేదు, వాళ్ళను దూరంగా వుంచారు.

లాటిన్‌లోకి వచ్చేసరికి యీ మాటకు చదువురానివాడని అర్థం వచ్చింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరి, చివరకు బుద్ధిహీనుడని స్థిరపడింది. పదవి లేనివాడు, చదువు లేనివాడు, బుద్ధి లేనివాడు: యీ వరసలో ఒక సమాజ చరిత్ర వుంది. మన "పామరుడు" కూడా ఇటువంటి మాటే. నీచకులంవాడనీ, తెలివితక్కువవాడనీ సంస్కృతంలో ఆ ఒక్క మాటకే రెండర్థాలు.

తరువాత యీ తిట్టుకు శాస్త్రం తోడయింది. 1910లో హెన్రీ గొడార్డ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మందబుద్ధులను ఇడియట్, ఇంబెసైల్ అని విభజించి, వారికి పైమెట్టుగా "మోరాన్" అనే కొత్త మాటను గ్రీకు ధాతువునుంచి తయారుచేశాడు. యీ కొలతలు కాగితంమీద ఆగలేదు. వర్జీనియాలో కారీ బక్ అనే పేద యువతికి మందబుద్ధి అని ముద్రవేసి, ఆమెకు బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయవచ్చునని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో ఒక్కడే ఒప్పుకోలేదు. ఆమెకు బుద్ధిమాంద్యం లేదని తరువాతి పరిశోధకులు తేల్చారు. తనపై అత్యాచారం జరిగిందని ఆమె చెప్పింది. ఆ గర్భాన్నే ఆమె మందబుద్ధికి సాక్ష్యంగా లెక్కవేశారు. అటువంటి చట్టాలకింద ఆ దేశంలో 60 వేలమందికి పైగా గురయ్యారు.

నిజంగా బుద్ధి ఎదగనివారైతే అలా చేయవచ్చునా అని ఎవరైనా అడగవచ్చు. చేయకూడదు. మనిషి హక్కులు అతని తెలివికి బహుమానంగా వచ్చినవి కావు.

మన దేశంలో 1935 చట్టం కింద ఓటుకు ఆస్తి, చదువు వంటి అర్హతలు వుండేవి. రాజ్యాంగం వాటిని తీసివేసింది. 1951 జనాభా లెక్కల్లో అక్షరాస్యులు నూటికి 18 మంది. అయినా 1951-52 ఎన్నికల జాబితాలో 17 కోట్లకు పైగా ఓటర్లున్నారు. చదువు రానివాడికి మంచిచెడ్డలు తెలియవనే వాదాన్ని ఆనాడే మనం తిరస్కరించాం. ఇప్పుడు మనకు నచ్చని ఫలితం రాగానే జనాన్ని ఇడియట్లనడం, తిరస్కరించిన ఆ వాదాన్నే దొడ్డిదారిన లోపలికి తేవడం.

ప్రజలు పొరపాటు చేయరని నేను అనడంలేదు. చేస్తారు, చదువుకున్నవాళ్ళు అంతకంటె ఘనంగా చేస్తారు. పొరపాటును పొరపాటనే చెప్పాలి, కారణాలు వెతకాలి, వాదించాలి. కాని మనిషినే మూఢుడని తేల్చేస్తే ఇక అతనితో వాదించే పని వుండదు, అతని మాట వినే బాధ్యతా వుండదు. అధికారంలో వున్నవాళ్ళకు యీ మాట ఎప్పుడూ అందుకే పనికివచ్చింది. ప్రజలతో మాట్లాడవలసిన రచయితకు యిది పనికిరాదు.