కలిసి చేసుడంటే

మొహర్రం నెలవంక కనిపించగానే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పీర్ల కొట్టానికి సున్నం పడుతుంది. అలావాకు ఒకరు కట్టెలు తెస్తారు, ఒకరు డప్పు కొడతారు, ఒకరు పీరునెత్తుకుంటారు. ముజావర్ ఫాతెహా ఇస్తాడు. క్రీ.శ. 680లో కర్బలాలో నేలకొరిగిన హుసేన్ కోసం, తురకల ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా పీర్లు లేస్తాయి. ఐక్యత మీద అక్కడెవరూ ఉపన్యాసమివ్వరు.

పట్నంలో మత సామరస్య సభ కథ వేరు. తేదీ, వక్తలు, తీర్మానాలు అన్నీ ఖాయమయ్యాక, కరపత్రంలో ఒక ముస్లిం పేరు కావాలి గనుక నాకు కబురొస్తుంది. 'మీరొక షేర్ చదవండి భాయ్' అంటారు. వేదిక మీద నాకు కుర్చీ ఉంటుంది. అంతా కూర్చుని ఆలోచించిన రోజున మాత్రం నాకు చాప పరచలేదు. ఇది కలిసి చేయడమా, పిలిపించుకోవడమా?

పీర్ల పండుగను చూపి మురిసిపోవడమూ నాకు చేతకాదు. 'ఇది దీన్‌లో లేదు' అనేవాళ్లు మాలోనే ఉన్నారు. హుసేన్ శోకం ఆటపాటల్లో మునిగిపోతోందన్న వాళ్ల బాధ అబద్ధమేమీ కాదు. ఆ మాట కొట్టం ముందరే అనగలగాలి. అని కూడా ఊరివాళ్లుగానే మిగలాలి. కట్టెలు మోసే చేతికి కాదనే నోరు కూడా ఉంటేనే అది ఉమ్మడి పని.

మిత్రులారా, ఈసారి కరపత్రం అచ్చుకు పోకముందే పిలవండి. కట్టెలు నేనూ తెస్తాను. కాదనాల్సి వస్తే కాదంటాను.