“పాపం” అనకుండా చప్పట్లు కొట్టగలమా?

మీ విచారణలోని వికలాంగ బాలబాలికలకు విదేశంలో జరిగే కళోత్సవానికి పిలుపు వచ్చిందనుకోండి. మనం ఏమంటాం? “పాపం, ఆ బిడ్డలు కూడా విమానం ఎక్కుతారు, నాలుగు ఊళ్లు చూసి వస్తారు” అంటాం. మంచి మాటే. కాని వాళ్లు అక్కడికి ఏం తీసుకువెళుతున్నారని అడగం. ఇలాంటి ప్రయాణం ఇచ్చిపుచ్చుకోవడం కోసం. పుచ్చుకునే సంగతి మనకు తెలుసు. ఇచ్చే సంగతో?

బంజారా హిల్స్ రెండో నంబరు రోడ్డులో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. చలనచిత్ర రంగంలో పెద్దలైన ఎల్.వి.ప్రసాద్ గారి కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళం దానికి పునాది. ఇక చూపు రాదని తేలినవారికి కూడా అక్కడ పునరావాస సేవలున్నాయి. కనుక సినిమావారికి దయ లేదని ఎవరూ అనలేరు. నా ప్రశ్న దయను గురించి కాదు.

1986లో కె.విశ్వనాథ్ గారి ‘సిరివెన్నెల’ వచ్చింది. చూపులేని వేణుగాన విద్వాంసుడు, మాటరాని చిత్రకారిణి. దాన్ని చూసి కళ్లు తుడుచుకోనివారు తక్కువ. పాటలు రాసిన సీతారామశాస్త్రి గారికి ఆ సినిమా పేరే ఇంటిపేరైంది. అయితే ఆ పాత్రలు వేసినవారు చూపూ మాటా ఉన్న నటులే. వారి నటనకు వంక పెట్టడం లేదు. అంతకు ముందు ఏడాది, 1985లో, సింగీతం శ్రీనివాసరావు గారి ‘మయూరి’ వచ్చింది. 1981లో ప్రమాదం తర్వాత కాలు కోల్పోయి, జైపూర్ కృత్రిమ పాదంతో మళ్లీ నాట్యవేదిక ఎక్కిన సుధాచంద్రన్ గారి కథ అది. ఆ పాత్ర ఆమే వేశారు. తరువాత విదేశాల్లోనూ నాట్యం చేశారు. వికలాంగుల కథ మనం చెప్పుకోవడం వేరు, వారే వచ్చి చెప్పడం వేరు. (ఇప్పుడు ‘దివ్యాంగులు’ అంటున్నాం. పేరు మార్చడం సులువు.)

అమెరికాలోని కెనెడీలది కతోలిక కుటుంబమే. వారి పెద్దమ్మాయి రోజ్‌మేరీకి బుద్ధిమాంద్యం. 1941లో తండ్రి ఆమె మెదడుకు శస్త్రచికిత్స చేయించారు. అది వికటించింది. తరువాత ఆమెను ఒక సంస్థలో ఉంచి, ఏళ్ల తరబడి లోకానికి కనబడనివ్వలేదు. ఆమె చెల్లెలు జీన్ 1974లో వికలాంగుల కళల కోసం ఒక సంస్థను స్థాపించారు. 1989లో ఆ సంస్థ వాషింగ్టన్‌లో అంతర్జాతీయ ఉత్సవం జరిపింది. అంత గొప్ప ఇంట్లోనే బిడ్డను దాచారు. మన ఇళ్లల్లో చుట్టాలు వచ్చినప్పుడు, పెళ్లిచూపులు జరిగినప్పుడు వెనుక గదిలోకి వెళ్లే బిడ్డ ఎవరో మీకే తెలుసు.

2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. దాని 30వ అధికరణం ప్రకారం, వికలాంగుల కళాశక్తి వికసించడం వారి మేలుకే కాదు, సమాజాన్ని సుసంపన్నం చేయడానికి కూడా. పునీత తోమస్ అక్వినాస్ గారు దైవప్రేమను స్నేహమని నిర్వచించారు. స్నేహం ఒకవైపు నుంచే నడవదని అరిస్టాటిల్ నాటి మాట. మనమేమో ప్రేమను దానధర్మంగా కుదించాం. దానంలో ఇచ్చే చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది.

ఆ బిడ్డ తాళం తప్పితే ఏం చేస్తామో చూసుకోండి. జాలిపడేవారు అప్పుడూ చప్పట్లు కొడతారు. గురువు ఆపి, మళ్లీ మొదలుపెట్టమంటాడు. నాకు ఆ గురువే నచ్చుతాడు.

“ఫాదర్ గారూ, మా వాడు పాడలేడు, గీయలేడు, మమ్మల్ని గుర్తుపట్టడమే కష్టం. వాడేమిస్తాడు?” అని ఒక తల్లి అడగవచ్చు. ఇది గట్టి ప్రశ్న. ఇవ్వగలిగితేనే విలువ అన్నది సంత లెక్క. మనిషి విలువ అంతకు ముందే ఉంది, ఏమీ ఇవ్వకపోయినా ఉంటుంది. అమ్మా, ఈ జవాబుతో మీ రాత్రుల బరువు తగ్గదని తెలుసు. కాని ఏమీ ఇవ్వలేడని తేల్చిన మిగతావారిని నేను అడుగుతాను: వాడి పక్కన ఎన్ని గంటలు కూర్చున్నాక ఆ మాట అన్నారు?

క్రిస్మస్ నాటకానికి పాత్రలు పంచే రోజు వస్తుంది. చక్రాల కుర్చీలోని అమ్మాయికి ఏటా ప్రేక్షకుల్లో మొదటి వరుస ఇస్తున్నాం. ఈసారి గబ్రియేలు దూత మాటలు ఇచ్చి చూడండి. వేదికకు మెట్లున్నాయి కదా అంటారేమో. వాలుగా ఒక చెక్కబల్ల అమర్చడం మన వడ్రంగులకు ఒక పూట పని.