చితి దగ్గర తీసుకున్న దీక్ష

 

ఉపాసక ఉపాసికలారా! మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలిన రైతుకు ఏ ధర పలుకుతుందో తెలీదు. కుప్పంలో బెంగుళూరు రైలెక్కే కూలికి రేపు పని దొరుకుతుందో లేదో తెలీదు. పుంగనూరులో కొత్తగా దీక్ష తీసుకున్న ఇంట్లో, బిడ్డ పెండ్లికి చుట్టాలు వస్తారో రారో అని దిగులు.

ఇంతకన్నా దిక్కుతోచని రోజును మనవాళ్లు చూసినారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమంది బాబాసాహెబ్ వెంట ధమ్మంలోకి వచ్చారు. రెండు నెలలైనా నిండకముందే, డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు. దారి కొత్తది, నడిపించే మనిషి లేడు. అయినా వెనక్కి పోలేదు. మరునాడు బొంబాయిలో చితి దగ్గరే వేలాదిమంది ఏడుస్తూనే దీక్ష తీసుకున్నారు. ఎస్సీ ఉత్తర్వులో బౌద్ధులను చేర్చింది 1990లో. 34 ఏండ్లు ఓర్చుకున్నారు, కొట్లాడారు, ధమ్మం మాత్రం వదల్లేదు.

లాభం నష్టం, పేరు అపకీర్తి, పొగడ్త నింద, సుఖం దుఃఖం. ఈ ఎనిమిదీ అందరి గడపా తొక్కుతాయని బుద్ధుడు చెప్పాడు. వచ్చినవి ఉండిపోవు. కష్టమూ అనిత్యమే.

ఈ రాత్రి ఇంటిల్లిపాదీ పది నిమిషాలు కూర్చోండి. ఊపిరిని గమనించండి. భయమొస్తే "ఇది భయం" అని గుర్తుపట్టండి, చాలు. దాన్ని మరిచేందుకు మందు ముట్టొద్దు; ఐదో శీలం ఇట్లాంటి రోజుకే. ఆ తర్వాత, రేపు చేయగలిగిన పని ఒక్కటి అనుకోండి. పొద్దున లేచి అది చేయండి.

ఆ చితి దగ్గర వాళ్లు చేసిందీ అదే.

భవతు సబ్బ మంగళం.